తీరని నొప్పులు: మాత్రకు ముందు మనం చేయగలిగినవి
(యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సాంస్కృతిక సంఘం సభ అంటే ఆట గురించి, పాట గురించి, భాష గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ రోజు నొప్పి గురించి మాట్లాడుకుందాం. ఆటపాటల సభలో నడుం నొప్పి ఊసెందుకని అనుకోవద్దు. పాటలన్నీ కంఠతా వచ్చిన అవ్వ మంచం దిగలేకపోతే ఆ పాట మన దాకా రాదు. తీజ్ పండుగకు ముందుండి అడుగు వేయాల్సిన పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఆ అడుగు మన ఆడపిల్లలకు ఎవరు నేర్పుతారు? ఒంటి నొప్పి ఒక్క మనిషితో ఆగదు. ఇంటి సంపాదనకు తగులుతుంది, పిల్లల చదువుకు తగులుతుంది, చివరికి మన సంస్కృతికీ తగులుతుంది.

మన నొప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూద్దాం. పల్నాడులో మనలో ఎక్కువ మందిమి ఒంటి కష్టం మీద బతికేవాళ్ళం. పత్తి తీతలో నడుముకు సంచి కట్టుకుని పొద్దంతా వంగి నడుస్తాం. సంక్రాంతి దాటాక మిరప కోతలు. సాలు వెంట వంగో, గొంతుక్కూర్చునో కోస్తాం. ఆ తర్వాత కల్లాల్లో నేల మీద కూర్చుని తాలు కాయలు ఏరతాం. మగవాళ్ళు టిక్కీలు మోస్తారు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర రాయి ఎత్తుతారు. ఇంటికొచ్చాక ఆడవాళ్ళకు నీళ్ళ బిందెలు, కట్టెల మోపు, వంట ఎలాగూ తప్పవు. ఇరవై ఏళ్ళు ఇట్లా గడిస్తే నడుం, మోకాళ్ళు, భుజాలు, మెడ ఏదో ఒకటి మొరాయిస్తుంది.

అప్పుడు మనం ఏం చేస్తున్నాం? కిరాణా కొట్లోనో, మందుల షాపులోనో నొప్పి బిళ్ళ కొంటున్నాం. పొద్దున ఆటో ఎక్కేముందు ఒకటి, రాత్రి పడుకునేముందు ఒకటి. అది చాలకపోతే సూది. రెండు రోజుల నొప్పికి మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. నెలల తరబడి, ఎవరినీ అడగకుండా, ఖాళీ కడుపుతో వేసుకోవడమే ప్రమాదం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, రక్తపోటు పెంచుతాయి, మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఈ మూడో దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. మార్చి నెల ఎండలో మిరప చేలో పని చేస్తూ, చాటు లేదని మూత్రానికి పోవడానికి మొహమాటపడి నీళ్ళు తాగడమే మానేసిన మన అక్కచెల్లెళ్ళను గుర్తు తెచ్చుకోండి. చెమట కారిపోయిన ఆ ఒంట్లోకి రోజూ మాత్ర పోతోంది. కూలి డబ్బు ఈ రోజు చేతికొస్తుంది. మూత్రపిండం పాడైన సంగతి మాత్రం ఏళ్ళ తర్వాత గానీ తెలియదు.

ఇంకో సంగతి. ఒక్క రోజులో ఒళ్ళంతా తేలికపడిపోయే సూదుల్లో, పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. దాన్ని ఎక్కువ కాలం వాడితే మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అట్లాంటివి చాలా రోజులుగా వాడుతున్న వాళ్ళు మన మాట విని హఠాత్తుగా మానేయకూడదు. అదీ ప్రమాదమే. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పోయి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

అయితే మాత్ర కాకపోతే ఇంకేముంది? ఉంది. దానికి ముందు నొప్పి అంటే ఏమిటో కొంచెం అర్థం చేసుకోవాలి.

ముల్లు గుచ్చుకుంటే వచ్చే నొప్పి మనకు మేలు చేస్తుంది. కాలు తీయమని చెబుతుంది. గాయం మానితే అదీ పోతుంది. మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దాని లెక్క వేరు. తాండా కాపలా కుక్క సంగతి మీకు తెలుసు. దొంగను చూసి మొరగాలి. ఒకసారి బాగా బెదిరిన కుక్క ఆ తర్వాత గాలికి ఆకు కదిలినా మొరుగుతుంది. నరాలు, మెదడు కూడా అట్లాగే బెదురుతాయి. మొదటి దెబ్బ మానిపోయినా చిన్న వంపుకు, చిన్న బరువుకు పెద్ద నొప్పి పుట్టిస్తాయి. అంటే ఆ నొప్పి అబద్ధమని కాదు, అది నూటికి నూరు పాళ్ళూ నిజం. కాకపోతే నొప్పి పుట్టిన ప్రతిసారీ లోపల ఏదో తెగిపోతోందని, అరిగిపోతోందని భయపడాల్సిన పని లేదు.

స్కానింగ్ కాగితం చూసి బెంబేలెత్తేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. నడుం నొప్పి అసలే లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగులను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. 20 ఏళ్ళ వయసు వాళ్ళలోనే 37 శాతం మందికి వెన్ను డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి కనిపించింది. వీళ్ళెవరికీ నొప్పి లేదు. తల నెరవడం లాంటిదే డిస్కు అరగడం కూడా. కాగితం మీద 'అరుగుదల' అన్న మాట కనపడగానే 'ఇక నా బతుకు మంచానికే' అనుకోవద్దని మన పెద్దలకు చెప్పగలిగితే సగం భారం దిగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ముందు వరసలో చెప్పినవి నొప్పి గురించి రోగికి వివరంగా నేర్పడం, వ్యాయామం, మర్దన లాంటి కొన్ని చేతి చికిత్సలు, మనసుకు ధైర్యమిచ్చే మాటల చికిత్స. అందరికీ అలవాటుగా వాడొద్దన్న వాటిలో నడుం బెల్టు, బరువులు కట్టి నడుం లాగే ట్రాక్షన్ ఉన్నాయి. మనవాళ్ళు అప్పు చేసి కొనేది ఆ బెల్టే. డబ్బు పెట్టనక్కర్లేని నడకను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఇక మనం చేయగలిగినవి ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది కదలిక. నడుం పట్టేస్తే మంచం మీద పడుకోమనేది పాత మాట. ఒకటి రెండు రోజులు మించి పడుకుంటే కండ బలం తగ్గుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి, నొప్పి ఇంకా ముదురుతుంది. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన ఒక పరిశోధన 2024లో అచ్చయింది. అంతా నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్ళే. వాళ్ళలో కొందరికి మెల్లమెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా నడవడం అలవాటు చేశారు. నడవని వాళ్ళకు మళ్ళీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్ళకు 208 రోజులు పట్టింది.

'రోజంతా చేలో నడుస్తూనే ఉన్నాం, మళ్ళీ నడకేంది?' అని మన అమ్మలు అడుగుతారు. సరైన ప్రశ్నే. చేలో ఒకే రకంగా వంగి, ఒకే కండను అరగదీస్తాం. వ్యాయామం అంటే ఆ కండకు విడుపు ఇచ్చి, పని లేక బలహీనపడిన కండలకు బలం ఇవ్వడం. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలినీ ఛాతీ వైపు లాక్కోవాలి. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, నడుం పైకెత్తి ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఎత్తైన పీట మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా మళ్ళీ కూర్చోవాలి. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. మొదటి వారం ఒక్కొక్కటీ ఐదు సార్లు చాలు, తర్వాత వారానికి రెండు మూడు పెంచుకుంటూ పోవాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాటి పొద్దుటికి ఎప్పటి స్థితికి వస్తే సరిగ్గా చేస్తున్నట్టే. రాకపోతే మోతాదు తగ్గించాలి, మానేయాల్సిన పని లేదు.

మన ఆట కూడా వ్యాయామమే. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ లేస్తూ, పాటకు తగ్గట్టు అడుగు వేసే లంబాడీ ఆటలో నడుం, మోకాలు, ఊపిరి అన్నీ పనిచేస్తాయి. అందరితో కలిసి ఆడుతున్నప్పుడు మెదడుకు నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. పండుగ దాకా ఆగకుండా వారానికి రెండు సాయంత్రాలు పెద్దవాళ్ళను కూడా కలుపుకుని మెల్లగా ఆడితే వాళ్ళ ఒంటికి మంచిది, మనకు పాట నేర్చుకున్నట్టూ అవుతుంది.

రెండోది కాపడం, మర్దన. దెబ్బ తగిలిన పిల్లవాడి కాలిని తల్లి ఎందుకు రుద్దుతుంది? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, స్పర్శ కబురు ముందుగా చేరితే నొప్పి కబురుకు ఆ గేటు కొంత మూసుకుంటుందని చెప్పారు. మన అవ్వలు వేసే ఉప్పు మూట కాపడం, ఇసుక మూట కాపడం, నూనె రాసి మర్దన చేయడం చాదస్తాలు కావు. మూట వేడిని ముందు మన ముంజేతి మీద చూసుకుని, పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. షుగర్ ఉండి కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళకు వేడి తెలియక చర్మం కాలుతుంది, వాళ్ళ పాదాలకు కాపడం వద్దు. వాపు ఎర్రగా, వేడిగా ఉన్నచోట కూడా వద్దు. ఇక కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం ఎక్కడున్నా ఆగిపోవాలి. పాత నొప్పి పోదు, కొత్త పుండు మిగులుతుంది. పెద్దల దగ్గర నుంచి కాపడం తీసుకుందాం, వాతను వదిలేద్దాం.

మూడోది పనిని పంచుకోవడం. ఒళ్ళు బాగున్న రోజు రెండు రోజుల పని చేసి, తర్వాత మూడు రోజులు పడిపోవడం మనకు అలవాటైంది. నొప్పి వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. సాలు చివరికి రాగానే నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టి వెనక్కి ఐదుసార్లు వంగడానికి అర నిమిషం చాలు. పత్తి సంచి నిండేదాకా మోయకుండా సగానికే దించి రావచ్చు. కల్లంలో తాలు ఏరేటప్పుడు చిన్న పీట వేసుకోవచ్చు. ఒకే వైపు బిందె ఎత్తకుండా చంకలు మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాయకు కిలోల లెక్కన డబ్బులిచ్చే చోట ఒక్క మనిషి ఆగితే ఆ మనిషి కూలి తగ్గుతుంది. ఆమె నీళ్ళకు లేస్తే మేస్త్రి చూపు ఆమె మీదే పడుతుంది. అందుకే ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ముఠా మొత్తం ఒక మాట మీద గంటకోసారి రెండు నిమిషాలు లేచి నీళ్ళు తాగితే ఎవరికీ నష్టం లేదు. ఆడవాళ్ళు మూత్రానికి పోవడానికి చేను గట్టున నాలుగు కర్రలు పాతి పాత చీర కట్టినా చాలు. ఆ మాట రైతుతో, మేస్త్రితో అడగగలిగేది చదువుకున్న మీరే.

నాలుగోది నీళ్ళు. పల్నాడు మెట్ట ప్రాంతాల్లో కొన్ని బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మనుషుల్లో మొదట గుర్తించి 1937లో రాసింది మనకు పొరుగున ఉన్న అప్పటి నెల్లూరు జిల్లా గురించే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతుంది. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి, పెద్దల మెడ, నడుం, కీళ్ళు బిగుసుకుంటాయి. ఆ నొప్పికి ఎన్ని బిళ్ళలు వేసినా కారణం బిందెలోనే ఉంటుంది. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాండాలో చాలామందికి ఒకే రకం నొప్పులుంటే ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలున్నాయి. జల జీవన్ మిషన్ కింద ఊళ్ళో మహిళలకే కిట్లతో పరీక్ష నేర్పే ఏర్పాటూ ఉంది. తాగడానికి, వంటకు మంచినీళ్ళు మార్చడం, పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తినడం దీనికి మాత్ర లేని వైద్యం. బిగుసుకుపోయిన ఎముక మళ్ళీ మామూలు కాదు కానీ పిల్లల ఎముకలు కాపాడుకోవచ్చు.

ఐదోది నిద్ర, మనసు. సరిగా నిద్ర పట్టకపోతే మర్నాడు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి వల్ల మళ్ళీ నిద్ర పట్టదు. ఈ చక్రాన్ని తెంపడానికి రోజూ ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం తర్వాత టీ మానేయడం, పడుకునేముందు పది నిమిషాలు పొట్ట నిండా మెల్లగా ఊపిరి తీసి వదలడం సాయపడతాయి. నొప్పి మరవడానికి మందు తాగితే నిద్ర చెడుతుంది. తాగి నొప్పి బిళ్ళ వేసుకుంటే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు నమ్మడం నేర్చుకోవాలి. 'పని తప్పించుకోవడానికి నాటకం' అనే మాట మన ఇళ్ళలో కోడళ్ళు ఎక్కువగా పడతారు. నొప్పికి రక్తం కారదు, కట్టు ఉండదు, అందుకని ఎవరికీ కనపడదు. నమ్మేవాళ్ళు లేనప్పుడు మనిషి ఒంటరవుతుంది, ఒంటరితనం నొప్పిని పెంచుతుంది. 'ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నావ్?' అని కూర్చుని అడిగి వినడం ఖర్చు లేని వైద్యం. దిగులు మరీ ఎక్కువై బతకాలనిపించడం లేదని ఎవరైనా అంటే వాళ్ళను ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మందు లేని పద్ధతులంటే ఆసుపత్రి వద్దని కాదు. నడుం నొప్పితో పాటు మల మూత్రాలు పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ లాంటివి ఉన్నాయేమో చూడాలి. దానికి పూర్తి కోర్సు మందులు వాడాల్సిందే. ముసలివాళ్ళు పడ్డాక వచ్చిన నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ళకు కొత్తగా వచ్చిన నొప్పి, ఛాతీలో వచ్చే నొప్పి కూడా కాపడంతో ఆపేవి కావు. ఊళ్ళో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు మనకు మొదటి మెట్టు. పెద్ద అవసరానికి గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. అక్కడ ఫిజియోథెరపీ కావాలని అడగండి. మాచర్ల అవతలి నుంచి గుంటూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, నిజమే. అందుకే ఒకసారి పోయినప్పుడు వ్యాయామాలన్నీ నేర్చుకుని, వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో తీసుకుని రండి. ఇంటి దగ్గర రోజూ చేయించే పని మీది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంతసేపు చెప్పుకున్న వాటిలో ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. మరి ఎందుకు జరగడం లేదు? బిళ్ళకు పది రూపాయలుంటే చాలు, పక్కన ఎవరూ అక్కర్లేదు. ఈ పద్ధతులకు మనుషులు కావాలి. మూట వేడి చేసేవాళ్ళు, నడుం పట్టేవాళ్ళు, పక్కన నడిచేవాళ్ళు, బిందె అందుకునేవాళ్ళు, ముఠా తరఫున మాట్లాడేవాళ్ళు, చెప్పింది నమ్మేవాళ్ళు కావాలి. డబ్బు తక్కువైనా మనుషులకు కరువు లేని జాతులు మనవి. పెళ్ళికైనా చావుకైనా తాండా అంతా కదిలొస్తుంది. నొప్పికి కూడా అట్లాగే కదలాలి.

కాబట్టి ఈ ఈ-సంచికను ఫోన్‌లో చదివి పక్కన పెట్టకుండా నాలుగు పనులు చేద్దాం. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ ఏ బిళ్ళలు వేసుకుంటున్నారో చూసి, ఆ అట్టలు ఆశా అక్కకో, డాక్టరుకో చూపిద్దాం. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళకు రక్తపోటు, మూత్రపిండాల పరీక్ష చేయించమని అడుగుదాం. మన బోరు నీళ్ళు పరీక్ష చేయిద్దాం. వారానికి రెండు సాయంత్రాలు అవ్వలను, తాతలను నడిపిద్దాం, ఆడిద్దాం. వచ్చే మిరప కోతలకు మన ముఠాలో నీళ్ళ విరామం పెట్టిద్దాం.

నొప్పి మొత్తం పోతుందని ఎవరికీ మాట ఇవ్వలేం. కొందరికి కొంత మిగులుతుంది. అయినా మంచం మీదున్న మనిషి అరుగు దాకా, అరుగు మీదున్న మనిషి వాకిలి దాకా వస్తే అది తక్కువ గెలుపు కాదు. వచ్చే తీజ్‌కు మన యాడీలు, అవ్వలు పక్కన కూర్చుని చూడకుండా నాలుగు అడుగులైనా మనతో కలిసి వేసేలా చూద్దాం.